తోక నుంచి చదివిన చేప

తేదీ: జులై నెల, రెండో శనివారం, ఉదయం.

స్థలం: పంజగుట్టలో మా అమ్మాయి డాక్టర్ శైలజ నడిపే పిల్లల పళ్ల క్లినిక్.

హాజరైనవారు: శైలజ, రిసెప్షన్‌లో కూర్చునే స్వరూప, అమీర్‌పేటలో కోచింగ్ పిల్లలకు హాస్టల్ నడిపే యాదగిరి, ఆయన కూతురు, ఏడేళ్ల అక్షిత, అక్షిత కుడి దవడలో పుచ్చిన పన్ను, అక్వేరియంలో చుక్కయ్య అనే పెద్ద చేప, ముందురోజు కొని తెచ్చిన వేలెడంత చేప, దాన్ని కొని తెచ్చిన నేను.

ఆ రోజు డైరీలో పేర్లు ఇంతవరకు కుదురుగానే ఉన్నాయి. ఆ కిందనుంచి అక్షరాలు వంకర్లు తిరిగాయి. కారణం ఉంది. పై జాబితాలో అక్షిత తప్ప మనుషులంతా ఆ ఉదయం అరిచినవారే. చేపలకు గొంతు లేదు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే చుక్కయ్య కేక ఎర్రమంజిల్ దాకా వినిపించేది. ఆ కేకలన్నిటికీ మూలకారకుణ్ణి నేనే. ఇది జరిగి రెండేళ్లయింది. అప్పటికి నాకు అరవై తొమ్మిది నిండాయి. ఏం చేస్తాం, ఉడుకురక్తం.

మొదట మా అమ్మాయి కష్టం చెప్పాలి. క్లినిక్ కొత్తగా తెరిచింది. పిల్లలు వచ్చేవారు, కూర్చునేవారు, కుర్చీ ఎక్కగానే పెదాలకు తాళం వేసేవారు. శ్రీనగర్ కాలనీలో ఇల్లు మారుతున్న ఒక కుటుంబం తమ ఉప్పునీటి అక్వేరియాన్ని, అందులో ఉన్న ఒకే ఒక్క పెద్ద చేపనూ కలిపి శైలజకు ఇచ్చేసింది. తెల్లటి ఒంటి మీద నల్లచుక్కలు, పెళ్లిలో భోజనం ఆలస్యమైన పెద్దమనిషి ముఖం. స్వరూప దానికి చుక్కయ్య అని పేరు పెట్టింది. చుక్కయ్యను చూస్తే పిల్లలు భయం మరిచిపోతారని మా ఆశ. భయం మరిచిపోయేవారు నిజమే. నోరు తెరవడం కూడా మరిచిపోయేవారు.

అందరిలోకీ గట్టిపిండం అక్షిత. పన్ను పుచ్చి చిగురు వాచింది. అప్పటికే రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ ఒక్క పన్ను కూడా చూపించకుండా వెళ్లిపోయింది. మాట్లాడినా పళ్లు బిగించే మాట్లాడేది.

"ఇంకొక్కసారి తీస్కొస్త మేడం," అన్నాడు యాదగిరి. "అప్పుడు సుత తెరువకుంటే పెద్ద దవాఖానకు తీస్కపోయి మత్తిచ్చి పీకిస్త. పోరి ఏడుస్తుంటే నాతోని కాదు."

"ఆ పన్ను పీకక్కర్లేదండీ. శుభ్రం చేసి నింపితే నిలుస్తుంది," అంది శైలజ.

"నిలుస్తది మేడం. నోట్లకు పోవాలె గద ముందుగాల."

ఆ సాయంత్రం శైలజ అన్నం ముందు కూర్చుని, "నాన్నగారూ, కాలేజీలో పళ్ల గురించి అంతా నేర్పారు. మూసిన నోటి గురించి మాత్రం ఒక్క క్లాసు కూడా చెప్పలేదు," అంది. కంచం అలాగే వదిలేసి లేచింది.

తండ్రిగా నాకు అది గుచ్చుకుంది. రిటైరైన మనిషికి ఏదైనా గుచ్చుకుంటే ఇంటిల్లిపాదీ జాగ్రత్తగా ఉండాలి. ఖాళీ సమయం చాలా ఉంటుంది.

ఫోన్‌లో సముద్రపు చేపల వీడియోలు చూడడం మొదలుపెట్టాను. మూడో రోజు దొరికింది. పగడపు దిబ్బల దగ్గర ఒక చిన్న చేప ఉంటుంది. నీలం ఒళ్లు, కంటి నుంచి తోక దాకా నల్లటి చార. అది ఊగుతూ నాట్యంలా ఈదుతుంటే, పెద్ద పెద్ద చేపలు వచ్చి దాని ముందు నిలబడి నోరు బార్లా తెరుస్తాయి. ఇది నిర్భయంగా లోపలికి పోయి, పళ్లసందుల్లో ఇరుక్కున్నవి ఏరుకు తిని, బయటికి వస్తుంది. పెద్ద చేప దాన్ని మింగదు. సముద్రంలో పళ్ల డాక్టరన్నమాట. లేచి కూర్చున్నాను.

"శైలూ, చుక్కయ్య నోరు తెరిచి వైద్యం చేయించుకుంటుంటే చూసిన పిల్ల, తను తెరవకుండా ఉంటుందా?"

"నాన్నగారూ, మీకు చేపల గురించి ఏం తెలుసు?"

"పులుసు వరకు తెలుసు. మిగతాది తెలుసుకుంటాను."

తెలుసుకున్నాను కూడా. ఆ వీడియోలోనే ఒక హెచ్చరిక ఉంది. ఈ డాక్టరు చేపను అచ్చంగా పోలిన నకిలీ చేప ఇంకొకటి ఉందట. అదే నీలం, అదే చార, అదే నాట్యం. పెద్ద చేప నమ్మి దగ్గరికి రానిస్తే, చటుక్కున ఒక ముక్క కొరుక్కుని పారిపోతుందట. కొనేముందు జాగ్రత్తగా చూసుకోమన్నారు.

ఇది విని మరొకరైతే భయపడేవారు. నేను సంతోషించాను. సర్వీసంతా నేను చేసిన పనే అది. ఎర్రమంజిల్ ఆఫీసులో నా బల్ల మీదికి వచ్చిన నకిలీ సర్టిఫికెట్ ఒక్కటీ ప్రాణాలతో బయటపడలేదు. నా పద్ధతి వేరు. ఏ ఫైలునైనా చివరి పేజీ నుంచి ముందుకు చదివేవాణ్ణి. సంతకాలు, ముద్రలు, తేదీలు అన్నీ చివరే ఉంటాయి. వెనకవైపు సక్రమంగా ఉందంటే ముందువైపు పెద్దగా చూడనక్కర్లేదని నా అనుభవం. చేపకు కూడా అదే పద్ధతి వర్తిస్తుందని నాకెవరూ చెప్పలేదు. నేనే నిర్ణయించాను.

శుక్రవారం మధ్యాహ్నం అమీర్‌పేట సందులో, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు తొక్కుకుంటూ అఫ్జల్ భాయ్ చేపల దుకాణానికి వెళ్లాను. ఉప్పునీటి తొట్టిలో అలాంటివి రెండున్నాయి. ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నాయి.

"రెండూ ఒక్క డబ్బాలనే వచ్చినయ్ సార్. పైన క్లీనర్ అని రాసుండె. ఏదైనా తీస్కో," అన్నాడు భాయ్.

"రెండిట్లో ఒకటి దొంగది కావచ్చు భాయ్."

"దొంగదైతే ఇంకా నా దుకాణంల ఎందుకుంటది సార్? ఎప్పుడో పారిపోతుండె."

ఆ వాదనలో బలం ఉంది గానీ, నేను నా పద్ధతి వదలలేదు. కళ్లజోడు తుడుచుకుని, తోక దగ్గర మొదలుపెట్టాను. ఒకదాని తోక ఆకారం సరిపోయింది. నల్లచార తోక దగ్గర వెడల్పుగా ఉండాలి, ఉంది. వీపు మీద రెక్క సరే. పొట్ట కింద తెలుపు సరే. నాట్యం మాత్రం అద్భుతం. రెండో చేప ఒక మూలన బద్ధకంగా ఊగుతుంటే, ఇది కొత్త ఉద్యోగిలా ఉత్సాహంగా తిరుగుతోంది. చార వెంట నెమ్మదిగా ముందుకొచ్చి కంటి దాకా చేరాను.

"సార్, జర జల్ది. జుమ్మా టైమ్ అయింది, షట్టర్ ఏసెయ్యాలె."

"అయిపోయింది భాయ్. తల ఒక్కటే మిగిలింది."

"తల లేకుంట ఏ చేపుంటది సార్, అది సుత ఉన్నట్లే లెక్క."

నాకూ అలాగే అనిపించింది. ఇంత చక్కటి తోక ఉన్న చేప తల విషయంలో మోసం చేస్తుందా? "ఇదే ఇవ్వండి," అన్నాను.

ఉప్పునీళ్ల సంచిని ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. డ్రైవరు అద్దంలో చూశాడు.

"ఏంది సార్, గంత పెద్ద కవర్ల గింతంత చేప. ఇంట్ల ఎంతమందికి సరిపోతది?"

"ఇది తినేది కాదు బాబూ. డాక్టరు."

"ఏం డాక్టర్?"

"పళ్ల డాక్టరు."

పంజగుట్ట వచ్చేదాకా అతను రోడ్డు కన్నా అద్దంలో నన్నే ఎక్కువ చూశాడు. దిగాక, "పైలంగ పో సార్. ఇంట్ల ఎవలన్న ఉన్నరు గద?" అని ఆప్యాయంగా అడిగాడు.

సంచిని అక్వేరియంలో తేలేసి, నీళ్లు కొంచెం కొంచెంగా కలిపి, విధిప్రకారం చేపను వదిలాం. అది ఒక్క ఉదుటున రాతి బొరియలోకి దూరింది. క్లినిక్ మూసేదాకా మళ్లీ కనిపించలేదు.

"సార్, గీ డాక్టర్ డ్యూటీల చేరంగనే సెలవు పెట్టిండు," అంది స్వరూప.

"పేషెంటు వస్తే అదే వస్తుందమ్మా."

ఇక శనివారం. యాదగిరి అక్షితను భుజాన వేసుకుని వచ్చాడు. ఆ పిల్ల చెంప బూరెలా వాచి ఉంది, రెండు చేతులూ నోటి మీద ఉన్నాయి. అక్వేరియం ముందు చిన్న కుర్చీ వేసి కూర్చోబెట్టాను. నేను పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాను. ఆఫీసులో వీడ్కోలు సభల్లో నేను బాగా మాట్లాడతానని పేరుండేది.

"చూడమ్మా, పాపం చుక్కయ్యకు కూడా పంటినొప్పి. వాళ్ల డాక్టరు గారు ఇప్పుడొస్తారు. చుక్కయ్య భయపడతాడేమో చూద్దాం."

అక్షిత కళ్లు పెద్దవి చేసింది. చేతులు తీయలేదు.

నా ఉపన్యాసం విన్నట్టే బొరియలోంచి డాక్టరు గారు బయటికొచ్చారు. పైకి లేచి, కిందికి వంగి, అటు ఊగి, ఇటు ఊగి, ఏం నాట్యం అది. చుక్కయ్య ఆగిపోయాడు. ఎన్నాళ్లనుంచి ఈ వైద్యం కోసం ఎదురుచూస్తున్నాడో, ఒళ్లు ఒక పక్కకు వాల్చి, మొప్పలు విప్పి, గుహలాంటి నోరు నెమ్మదిగా తెరిచాడు.

 అక్షిత చేతులు గడ్డం మీదికి జారాయి. తర్వాత ఒళ్లోకి జారాయి. చుక్కయ్యను చూస్తూ చూస్తూ, తనకు తెలియకుండానే ఆ పిల్ల పెదాలు విచ్చుకున్నాయి. పక్కన మోకాళ్ల మీద కూర్చున్న శైలజ, పిల్లి పాల దగ్గరికి వెళ్లినంత మెల్లగా, తొడుగు వేసిన చూపుడువేలిని ఆ పెదాల మధ్యకు తీసుకువెళ్లింది. యాదగిరి నా వైపు తిరిగి చేతులు జోడించాడు. నేను అక్కడితో ఊరుకుని ఉండాల్సింది.

"చూశావా బంగారూ," అన్నాను, "డాక్టరు దగ్గర నొప్పి అనేదే ఉండదు."

డాక్టరు గారు చుక్కయ్య పెదవి పక్కన ఆగారు. చటుక్కున ఒక ముక్క కొరికారు. బొరియలోకి పారిపోయారు.

చుక్కయ్య గాల్లోకి లేచి మూతకు గుద్దుకున్నాడు. ఉప్పునీళ్లు స్వరూప ముఖాన పడ్డాయి, స్వరూప అరిచింది. అక్షిత నోరు ఠప్పున మూసుకుంది. లోపల వేలున్న శైలజ అరిచింది. కూతురు ఏమైందోనని యాదగిరి అరిచాడు. అందరూ అరుస్తున్నారు కదా అని నేను కూడా అరిచాను.

"నాన్నా, డాక్టర్ కరిసిండు," అంది అక్షిత, మళ్లీ పళ్లు బిగించి. తండ్రి లేచేలోపే మెట్లు దిగి రోడ్డు మీదికి చేరింది. యాదగిరి చెప్పులు మరిచి వెనకే పరుగెత్తాడు.

 శైలజ వేలికి పట్టీ వేసుకుంది. టార్చి తీసుకుని అక్వేరియం ముందు వంగింది. బొరియ అంచున తల పెట్టుకుని మా పళ్ల డాక్టరు తృప్తిగా చూస్తున్నాడు.

"నాన్నగారూ, కొనేటప్పుడు దీన్ని పరీక్షగా చూశారా?"

"తోక చూశాను. చార చూశాను. పొట్ట కూడా చూశాను."

"నోరు?"

నేను కళ్లజోడు తుడుచుకున్నాను.

"ఇలా వచ్చి చూడండి. పైదవడ ఎంత ముందుకొచ్చిందో. నోరు ముక్కు చివర లేదు, కింద ఎక్కడో దాక్కుంది. నా దగ్గరికి ఈ ముఖంతో ఎవరైనా వస్తే మొదటి చూపులోనే క్లిప్పులు రాసేదాన్ని." ఆమె ఫోన్‌లో వీడియో తెరిచి అసలు చేపను చూపించింది. దాని నోరు బుద్ధిగా ముఖానికి సరిగ్గా ముందు, చిన్న పట్టకారులా ఉంది. "తేడా అంతా నోట్లోనే ఉంది నాన్నగారూ. పళ్ల డాక్టరుకు తండ్రి అయ్యుండి, పళ్ల క్లినిక్‌లోకి చేపను తెస్తూ, దాని నోరొక్కటే చూడలేదా మీరు?"

కళ్లజోడు మళ్లీ మొదటినుంచీ తుడవడం మొదలుపెట్టాను.

అంతలో యాదగిరి ఫోను. "పెద్దసార్, పోరి మంచం కిందికి దూరింది, ఎల్తలేదు. ఇగ నేను ఆగలేను. సోమారం పెద్ద దవాఖానకే పోతం." శైలజ విన్నది. తల ఊపి లోపలికి వెళ్లి, ఉన్న పనిముట్లన్నీ మళ్లీ కడగడం మొదలుపెట్టింది. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. వలతో నకిలీని పట్టడానికి స్వరూప, నేను మధ్యాహ్నమంతా కుస్తీ పట్టాం. సాయంత్రం దాన్ని తీసుకుని అఫ్జల్ భాయ్ దుకాణానికి వెళ్లి, రెండో చేప ముందు నేల మీద చతికిలబడ్డాను. ఈసారి తోక వైపు కన్నెత్తి చూడలేదు.

"ఏంది సార్, నిన్న తోక చూస్తివి, ఇయ్యాల నోరు చూస్తివి. నడుమదెప్పుడు చూస్తవ్?"

"భాయ్, నిన్న తీసుకెళ్లింది దొంగదే. మా చుక్కయ్యను కొరికింది. దీన్ని విడిగా ఉంచి, కొనేవాళ్లకు ముందే చెప్పండి."

భాయ్ రెండిటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "నిజమే సార్. దీని మూతి కిందికున్నది. ఇన్నిరోజులు దీనికే ఎక్కువ మేత ఏసిన, మస్తు హుషారున్నదని." కొంచెం బాధపడ్డాడు కూడా. నేను మూలన బద్ధకంగా ఊగేదాన్ని తీసుకుని వచ్చాను.

మర్నాడు ఆదివారం. క్లినిక్‌కు సెలవు. కాఫీ తాగుతుండగా యాదగిరి మళ్లీ ఫోన్ చేశాడు.

"సార్, మంచం కిందికెల్లి తలకాయ బయట పెట్టి ఒక్కటే అడుగుతుంది పోరి. ఆ దొంగ డాక్టర్‌ను పట్టుకున్నరా అని."

"పట్టుకున్నాం. అసలు డాక్టరు వచ్చాడని చెప్పు."

"చెప్పిన. సూస్తనంటుంది. నోరు మాత్రం తెరువదట. సూసుడే అంట."

శైలజ అప్పటికే తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో ఉంది.

అక్షిత అక్వేరియానికి దూరంగా, తండ్రి కాలు పట్టుకుని నిలబడింది. చుక్కయ్య కూడా అంతే. కొత్త డాక్టరు దగ్గరికొస్తే చాలు, వీపు తిప్పేస్తున్నాడు. ఈ డాక్టరు తొందరపడలేదు. దూరంగా ఊగింది. కాసేపు ఆగింది. మళ్లీ ఊగింది. చివరికి చుక్కయ్య తోక దగ్గర చేరి నెమ్మదిగా శుభ్రం చేయడం మొదలుపెట్టింది. తోక నుంచి మొదలుపెట్టడం సరైన పద్ధతేనని నేను శైలజ వైపు చూశాను. ఆమె నన్ను చూడలేదు.

చాలాసేపటికి చుక్కయ్య ఒళ్లు వాల్చాడు. ముందు మొప్ప కొంచెం విప్పాడు. ఏమీ కాలేదు. అప్పుడు, ఒక కన్ను డాక్టరు మీదే ఉంచి, నోరు తెరిచాడు. చిన్న చేప లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది, మళ్లీ వెళ్లింది. చుక్కయ్య ముఖంలో భోజనం వడ్డించిన తర్వాతి పెద్దమనిషి కళ వచ్చింది.

అక్షిత అద్దానికి ముక్కు ఆనించింది. "నోరు ముందటనే ఉన్నది. అసలోడే," అంది బిగించిన పళ్ల మధ్యనుంచి. తర్వాత శైలజ వైపు తిరిగింది. "నువ్వు?"

"నేనేంటమ్మా?"

"నువ్వు అసలు డాక్టర్‌వేనా? నోరు తెరువు, సూస్త."

శైలజ వెళ్లి పేషెంటు కుర్చీలో పడుకుని నోరు తెరిచింది. అక్షిత స్టూలెక్కి, చేతిలో టార్చి పట్టుకుని, పైన చూసింది, కింద చూసింది, పక్కలకు చూసింది. పైదవడ ఎక్కడిదాకా వచ్చిందో వేలితో కొలిచింది. ఏ పరీక్షాధికారీ మా అమ్మాయిని అంత శ్రద్ధగా పరీక్షించి ఉండడు. "ఊఁ," అని టార్చి ఆర్పింది. "దిగు. ఇగ నా వంతు."

ఎక్కి పడుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. నోరు తెరిచింది.

పన్ను నిలిచింది. పని జరుగుతున్నంతసేపూ యాదగిరి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మధ్యలో ఒకసారి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చివరికి శైలజ దూదిముద్ద పెట్టి, "అయిపోయింది. ఎంత ధైర్యమో," అంటే, అక్షిత లేచి కూర్చుని గదంతా కలియజూసింది. ఆ చూపు నా దగ్గర ఆగింది. దూదిముద్దతోనే అడిగింది.

"తాత?"

తప్పదు కదా. కుర్చీలో కూర్చుని, చుక్కయ్యంత వెడల్పుగా నోరు తెరిచాను. టార్చి వెలిగింది. కింది వరస ముగిసింది. పై వరస దగ్గర ఆ పిల్ల కనుబొమలు ముడిపడ్డాయి. ఒక పన్ను పట్టుకుని మెల్లగా కదిపింది. శైలజ స్వయంగా తయారు చేయించి ఇచ్చిన పై వరస పళ్లన్నీ, ఒక్కటి మిగలకుండా, కలిసికట్టుగా కిందికి దిగాయి.

అక్షిత టార్చి ఆర్పేసి తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, గీ తాత దొంగ."

కనుక ఇందుమూలంగా, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను: నోరు చూడకుండా ఏ ప్రాణినీ డాక్టరుగా నియమించను, కట్టుడుపళ్లు తీసి జేబులో వేసుకోకుండా ఆ పిల్ల ముందు నోరు విప్పను.